పీల్చే గాలికి పద్దు

కురిసిన వానను కొలవడానికి వర్షమాపకం ఉన్నది. పండిన ధాన్యాన్ని కొలవడానికి కుంచం ఉన్నది. రాని జబ్బును దేనితో కొలవాలి? ఆసుపత్రిలో చేరినవారి పేర్లు రిజిస్టరులో ఉంటాయి. గాలి శుభ్రపడినందువల్ల ఆసుపత్రి గడప తొక్కవలసిన అవసరమే కలగనివారి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు. తమకు మేలు జరిగిందన్న సంగతి వారికే తెలియదు. ఆ మేలు కోసం ఖర్చు పెట్టినవారికి మాత్రం ప్రతి డాలరూ గుర్తుంటుంది. పొగగొట్టానికి వడపోత అమర్చిన కర్మాగారం యజమాని దగ్గర రసీదు ఉంటుంది. ఖర్చుకు సాక్ష్యం ఉండి లాభానికి సాక్ష్యం లేని వ్యాజ్యంలో తీర్పు ఎటు మొగ్గుతుందో ఊహించడం కష్టం కాదు.

ఆ లాభం తరఫున సాక్ష్యం పలకడానికి కొన్ని కంప్యూటర్ ప్రోగ్రాములు పుట్టాయి. వాటిలో ప్రసిద్ధమైనది ‘బెన్‌మ్యాప్’. అది ఎలా లెక్క వేస్తుందో మన తెలుగు కుటుంబాలు ఎందరో స్థిరపడిన బాతెల్ పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుని ముందు పరిశీలిద్దాం. తరువాత అదే లెక్కను హైదరాబాదుకూ నల్లగొండకూ తీసుకుపోదాం. సూత్రం రెండు చోట్లా ఒకటే. అయినప్పటికీ జవాబుల మీద నమ్మకం ఒకే తీరుగా ఉండదు. ఆ తేడా ఎక్కడ పుడుతున్నదో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కంటికి ఆనని ధూళి

గాలిలోని మాలిన్యాలలో ఆరోగ్యశాస్త్రం ఎక్కువగా పట్టించుకునేది సూక్ష్మ రేణువులను. వీటి వ్యాసం రెండున్నర మైక్రానులు గాని అంతకంటె తక్కువ గాని ఉంటుంది. అందుకే వీటికి పి.ఎం. 2.5 అని పేరు. తలవెంట్రుక మందంలో ఇది సుమారు ముప్ఫయ్యో వంతు. పెద్ద ధూళి ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. ఈ సూక్ష్మ రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల వరకు చేరుతాయి. అక్కడ వాపు పుట్టిస్తాయి. వాటిలో అతి చిన్నవి రక్తంలోకి కూడా ప్రవేశించగలవు. కనుకనే వీటి దెబ్బ దగ్గుతో ఆగదు. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల కాన్సరు కూడా వీటి ఖాతాలో చేరుతాయి.

బాతెల్ పట్టణం వాషింగ్టన్ సరస్సుకు ఉత్తరాన, సమామిష్ నది ఒడ్డున, కింగ్, స్నోహోమిష్ అనే రెండు కౌంటీలలో విస్తరించి ఉన్నది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడి గాలి నిర్మలంగానే ఉంటుంది. అయితే రెండు కాలాలలో ఆ నిర్మలత్వం దెబ్బ తింటుంది. చలికాలంలో గాలి కదలని రాత్రులలో, నేలను అంటుకుని ఉన్న చల్లని గాలి మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. అప్పుడు ఇళ్లలో కట్టెలు కాల్చిన పొగ పైకి పోలేక వాడలోనే తిరుగుతుంది. అటువంటి రోజులలో ప్యూజెట్ సౌండ్ క్లీన్ ఎయిర్ ఏజెన్సీ కట్టెలు కాల్చడం మీద తాత్కాలిక నిషేధం విధిస్తుంది.

రెండవది కార్చిచ్చుల కాలం. 2020 సెప్టెంబరులో పడమటి తీరపు కార్చిచ్చుల పొగ ప్యూజెట్ సౌండ్ ప్రాంతాన్ని రోజుల తరబడి కప్పివేసింది. 2022లో స్నోహోమిష్, కింగ్ కౌంటీల కొండలలోనే బోల్ట్ క్రీక్ కార్చిచ్చు రగిలింది. ఆ ఏడాది అక్టోబరులో కొన్ని రోజులు సియాటిల్ గాలి ప్రపంచ మహానగరాల జాబితాలో అత్యంత చెడ్డదిగా నమోదయింది. నిర్మలమైన గాలి కోసం ఇక్కడికి వచ్చామనుకున్న కుటుంబాలు కిటికీలు బిగించుకుని, సెల్‌ఫోనులో గాలి నాణ్యత సూచీని చూసుకుంటూ గడిపిన రోజులవి.

గాలికీ ఆయుష్షుకూ ఉన్న ముడి

పొగ మంచిది కాదని అందరికీ తెలుసు. ఎంత పొగకు ఎంత నష్టమన్నది తేల్చడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1952 డిసెంబరులో లండను నగరాన్ని బొగ్గుపొగతో కలిసిన మంచు కమ్ముకున్నది. అప్పట్లో మృతులు సుమారు 4,000 మంది అన్నారు. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్య 12,000 వరకు ఉండవచ్చునని తేల్చారు. అది విపత్తు గనుక కళ్లకు కనిపించింది. మామూలు రోజుల మామూలు గాలి మాట ఏమిటి?

ఒక చిత్రమైన సంఘటన ఈ ప్రశ్నకు దారి చూపింది. యూటా రాష్ట్రంలోని ఒక లోయలో జెనీవా ఉక్కు కర్మాగారం 1986 ఆగస్టు నుంచి 1987 సెప్టెంబరు వరకు మూతపడింది. కార్మిక వివాదం దానికి కారణం. గాలిని బాగు చేయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. కర్మాగారం నడిచిన శీతకాలాలతో పోలిస్తే మూతపడిన శీతకాలంలో శ్వాసకోశ వ్యాధులతో ఆసుపత్రిలో చేరిన పిల్లల సంఖ్య బాగా తగ్గిందని ఆర్డెన్ పోప్ అనే ఆర్థిక శాస్త్రవేత్త 1989లో ప్రకటించారు.

1993లో హార్వర్డు విశ్వవిద్యాలయం వారి ‘ఆరు నగరాల అధ్యయనం’ వెలువడింది. 8,111 మంది పెద్దలను 14 నుంచి 16 ఏళ్ల పాటు గమనించి, వారి వయసు, పొగతాగే అలవాటు మొదలైన తేడాలను సర్దుబాటు చేసి చూశారు. ఆరింటిలో ఎక్కువ కలుషితమైన నగరంలో మరణాల రేటు, అతి శుభ్రమైన నగరంలో కంటె 26 శాతం హెచ్చుగా ఉన్నట్లు తేలింది. ఆ తరువాత అమెరికన్ కాన్సర్ సొసైటీ వద్ద ఉన్న లక్షలాది మంది వివరాలతో ఇదే పరీక్ష జరిగింది. ఆ సమాచారం మీద 2009లో వెలువడిన పునఃపరిశీలన ప్రకారం, ఘనపు మీటరు గాలిలో సూక్ష్మ రేణువులు 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాల రేటు సుమారు 6 శాతం పెరుగుతుంది.

మన పొరుగున ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కూడా ఈ కృషిలో ముందున్నది. ఆ సంస్థ నాయకత్వాన సాగిన ‘మేసా ఎయిర్’ అధ్యయనం అమెరికాలోని ఆరు మహానగర ప్రాంతాల ప్రజలను ఏళ్ల తరబడి పరీక్షించింది. మాలిన్యం ఎక్కువ ఉన్నచోట గుండె రక్తనాళాలలో సున్నం వేగంగా పేరుకుంటున్నదని 2016లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. గాలికీ గుండెకూ నడుమ ఉన్న దారి ఆ విధంగా కొంత స్పష్టమయింది.

లెక్క ఎలా నడుస్తుంది?

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2003లో బెన్‌మ్యాప్‌ను తొలిసారి విడుదల చేసింది. ‘ఎన్విరాన్మెంటల్ బెనిఫిట్స్ మ్యాపింగ్ అండ్ అనాలిసిస్ ప్రోగ్రామ్’ అన్నది దాని పూర్తి పేరు. తరువాత దానిని తిరగరాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్లు, లోపలి రాతను కూడా చదువుకునేటట్లు సామాజిక ప్రతిగా అందించారు. బాతెల్ వాసులకు ఇందులో ఒక ముచ్చట ఉన్నది. ఆ ప్రతిని రాసిన భాష ‘సి షార్ప్’; అది పుట్టినది పక్క ఊరు రెడ్మండులోని మైక్రోసాఫ్ట్ సంస్థలో. ఆ భాషను దినచర్యగా రాసే తెలుగు ఇంజనీర్లు మన మధ్య ఎందరో ఉన్నారు.

ప్రోగ్రాముకు నాలుగు వివరాలు కావాలి. గాలిలో రేణువులు ఎంత తగ్గుతాయి? ఆ గాలిని పీల్చేవారు ఎందరు, ఏ వయసువారు? ఆ జనాభాలో మామూలుగా ఏటా ఎందరు మరణిస్తున్నారు, ఎందరు జబ్బు పడుతున్నారు? రేణువులు ఒక పాలు తగ్గితే జబ్బు ఎన్ని పాళ్లు తగ్గుతుంది? ఈ నాలుగవదానిని గుణకం అంటారు; పైన చెప్పిన అధ్యయనాల నుంచి వచ్చేది ఇదే. ప్రోగ్రాము దేశపటాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోనూ ఈ నాలుగింటినీ కలిపి లెక్క వేసి, చివరకు అన్నిటినీ కూడుతుంది.

చేత్తో ఒక లెక్క వేసి చూద్దాం. 2020 జనగణన ప్రకారం బాతెల్ జనాభా 48,161. వీరిలో ముప్ఫై ఏళ్లు దాటినవారు 30,000 మంది అనీ, వారిలో ఏటా నూటికి ఒకరు మరణిస్తారనీ లెక్క సౌలభ్యం కోసం అనుకుందాం. అంటే ఏటా 300 మరణాలు. గాలిలో సూక్ష్మ రేణువులు ఘనపు మీటరుకు ఒక్క మైక్రోగ్రాము తగ్గాయనుకుందాం. పదికి 6 శాతం అన్న గుణకం ప్రకారం ఒకటికి సుమారు 0.58 శాతం తగ్గుదల వస్తుంది. 300 మరణాలలో అది 1.7. అంటే ఈ ఊహ ప్రకారం బాతెల్ పట్టణంలో ఏడాదికి దాదాపు ఇద్దరి మరణం వెనక్కి జరుగుతుంది.

ఆ ఇద్దరూ ఎవరు? ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, చెప్పబోదు. మూడు వందల మందిలో ఎవరైనా కావచ్చు. ఇద్దరేనా అనిపించవచ్చు కూడా. అయితే ఇది ఒక చిన్న పట్టణం, ఒకే ఒక్క మైక్రోగ్రాము. ఇదే పద్ధతిని దేశమంతటికీ వర్తింపజేస్తే అంకెలు ఎంతకు చేరతాయో పర్యావరణ పరిరక్షణ సంస్థ 2011లో విడుదల చేసిన నివేదిక చూపింది. 1990 నాటి క్లీన్ ఎయిర్ చట్ట సవరణల వల్ల 2020వ సంవత్సరంలో సుమారు 2,30,000 అకాల మరణాలు తప్పుతాయని, ఆ ఏడాది లాభం దాదాపు 2 లక్షల కోట్ల డాలర్లు కాగా ఖర్చు సుమారు 6,500 కోట్ల డాలర్లని అందులో అంచనా వేశారు.

మరణాలు ఈ పద్దులో ఒక పంక్తి మాత్రమే. గుండెపోట్లు, ఉబ్బసంతో అత్యవసర చికిత్సకు పరుగెత్తిన సందర్భాలు, పిల్లలు బడి మానిన రోజులు, పెద్దలు పని మానిన రోజులు కూడా ఇందులో వేరువేరుగా నమోదవుతాయి. ఒక్కొక్క మరణం వెనుక ఈ చిన్న బాధలు ఎన్నో రెట్లు ఉంటాయి.

అంకె చుట్టూ ఉన్న మసక

1.7 అన్న జవాబును గట్టి నేలలా భావించకూడదు. గుణకం 6 శాతమని చెప్పిన అధ్యయనమే అది 4కూ 8కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చునని కూడా చెప్పింది. ఆ హద్దులతో లెక్క వేస్తే మన జవాబు 1.2 నుంచి 2.3 వరకు మారుతుంది. బెన్‌మ్యాప్ ఈ అనిశ్చితిని దాచదు. గుణకాన్ని ఆ హద్దుల మధ్య వేలసార్లు పాచికలు వేసినట్లు మార్చి మార్చి లెక్కించి, జవాబును ఒక అంకెగా కాక ఒక పరిధిగా చూపుతుంది. దీనినే మాంటే కార్లో పద్ధతి అంటారు. పరిధిని విడిచి నడిమి అంకెను మాత్రమే ప్రచారం చేసేవారినీ, పరిధి ఉన్నది గనుక లెక్కే వ్యర్థమనేవారినీ సమానంగా అనుమానించాలి. వైద్యుడు రక్తపోటు చూసినప్పుడు కూడా రెండు నిమిషాల తేడాలో అంకె మారుతుంది. అంతమాత్రాన మందు మానం గదా!

వేరొక పరిమితి ఉన్నది. ఈ ప్రోగ్రాము చూసేది బయటి గాలిని. వంటింటి తాలింపు పొగ, దేవుని గదిలో అగరువత్తుల పొగ దీని లెక్కలోకి రావు. గట్టిగా మూసిన ఇంట్లో ఇవి బయటి మాలిన్యాన్ని మించిపోగలవు. పొయ్యి మీది పొగగొట్టపు పంకాను వేయడానికి ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు.

ఇంకొక సంగతి మన కుటుంబాలకు మరీ దగ్గరిది. జనాభా వివరాలు జనగణన నుంచి వస్తాయి. జనగణన ఇక్కడ నివసించేవారిని లెక్కిస్తుంది. చుట్టపు చూపుగా వచ్చినవారిని లెక్కించదు. ప్రతి వేసవిలో మన తల్లిదండ్రులు, అత్తమామలు ఆరు నెలల వీసా మీద వస్తారు. వేసవి చివర అంటే సరిగ్గా కార్చిచ్చుల పొగ కాలం. వారిలో చాలామంది అరవై దాటినవారు, మధుమేహమో గుండె జబ్బో ఉన్నవారు. సూక్ష్మ రేణువుల దెబ్బ ఎక్కువగా తగిలే వయసు వారిది. బాతెల్ వీధులలో సాయంత్రం వాహ్యాళికి వెళ్లే పెద్దలు, దేవాలయ ప్రాంగణంలో కనిపించే పెద్దలు ఎందరో ఈ పద్దులో లేరు. వారు పీల్చే గాలి లెక్కలో ఉన్నది, వారు లేరు.

ప్రాణానికి ధర కట్టవచ్చునా?

తప్పిన మరణాలను డాలర్లలోకి మార్చడం చాలామందికి రుచించదు. ముందుగా ఆ మాటకు అసలు అర్థం తెలుసుకోవాలి. లక్ష మంది ఉన్న ఊరిలో ప్రతి ఒక్కరికీ ఈ ఏడు మరణించే అవకాశం లక్షలో ఒక పాలు తగ్గుతుందనుకుందాం. అందుకు ఒక్కొక్కరు 74 డాలర్లు ఇవ్వడానికి సిద్ధపడితే మొత్తం 74 లక్షల డాలర్లు పోగవుతాయి. సగటున ఒక మరణం తప్పుతుంది. ఈ మొత్తాన్ని ‘గణాంక ప్రాణ విలువ’ అంటారు. 2006 నాటి డాలర్లలో పర్యావరణ పరిరక్షణ సంస్థ వాడిన అంకె ఇదే. ఇది ఏ ఒక్క మనిషికీ కట్టిన ఖరీదు కాదు. చిన్న చిన్న ముప్పులను తప్పించుకోవడానికి జనం పెట్టే ఖర్చుల మొత్తం. ఈ విలువతో చూస్తే మన ఊహాత్మక బాతెల్ లెక్కలో ఒక్క మైక్రోగ్రాము తగ్గుదల ఏటా సుమారు 1 కోటి 30 లక్షల డాలర్ల లాభం.

ఈ విలువను ఎవరికి ఎంత కడుతున్నామన్న దగ్గర తగవు మొదలవుతుంది. 2003 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వపు ఒక ప్రత్యామ్నాయ విశ్లేషణలో డెబ్బై ఏళ్లు దాటినవారి ప్రాణానికి, తక్కిన వారితో పోలిస్తే 37 శాతం తక్కువ విలువ కట్టారు. వృద్ధుల సంఘాలు భగ్గుమన్నాయి. ఆ ఏడాదే అప్పటి సంస్థ అధిపతి క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ ఆ పద్ధతిని విరమిస్తున్నట్లు ప్రకటించవలసి వచ్చింది. ప్రోగ్రాములో ఒక గడిలో మార్చిన ఒక్క అంకె, కోట్లాది వృద్ధుల ప్రాణాల బరువును మార్చివేయగలదని ఈ ఉదంతం తెలిపింది.

ఇప్పుడు ఈ లెక్కను సముద్రం దాటించి చూడండి. స్వదేశంలో తగిన అధ్యయనాలు లేనప్పుడు అమెరికా విలువను ఆదాయాల నిష్పత్తిలో తగ్గించి వాడడం ఆర్థికవేత్తలలో ఉన్న ఆచారం. తగ్గుదల సరిగ్గా ఆదాయం మేరకే అనుకుంటే, ఆదాయం ఇరవయ్యో వంతు ఉన్నచోట ప్రాణం విలువ కూడా ఇరవయ్యో వంతు అవుతుంది. శాస్త్రపరంగా దీనికి సమర్థన ఉన్నది: అక్కడి ఖర్చును అక్కడి విలువతోనే పోల్చాలి. అయితే బాతెల్‌లో కొడుకు ప్రాణానికీ, నల్లగొండలో తండ్రి ప్రాణానికీ పక్కపక్క నిలువు వరుసలలో రెండు ధరలు కనిపించినప్పుడు, ఏ వరుస దేనికోసం రాసినదో చదివేవారు మరచిపోకూడదు. దేశాల నడుమ పోల్చవలసి వచ్చినప్పుడు డాలర్లను పక్కన పెట్టి, తప్పిన మరణాల సంఖ్యనే పోల్చడం మర్యాద.

మన ఊళ్ల లెక్క

ఇటువంటి లెక్కలు హైదరాబాదుకు కొత్త కావు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నడిపిన ‘సమగ్ర పర్యావరణ వ్యూహాలు’ కార్యక్రమం కింద, హైదరాబాదులోని పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ రెండువేల సంవత్సరం తరువాతి తొలి ఏళ్లలోనే నగరం గాలి మీద, ఆరోగ్య లాభాల మీద అధ్యయనం జరిపింది. రవాణాలోనూ పరిశ్రమలలోనూ చేసే మార్పులు ఇటు ప్రజల ఊపిరికీ అటు భూతాపానికీ ఒకేసారి ఎంత మేలు చేస్తాయో చూడడం దాని లక్ష్యం.

ఆ తరువాత శరత్ గుత్తికుండ అనే శాస్త్రవేత్త కృషి చెప్పుకోదగినది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందిన ఆయన, అర్బన్ ఎమిషన్స్ అనే సంస్థను స్థాపించి, పెద్ద కంప్యూటర్లు లేని నగరపాలక సంస్థలు కూడా వాడుకునేటట్లు మామూలు ఎక్సెల్ పట్టికలలో నడిచే పరికరాలు తయారు చేశారు. రమణి కొపాక్కతో కలిసి ఆయన 2014లో ప్రచురించిన పత్రం ప్రకారం, 2010-11లో హైదరాబాదులో గాలి కాలుష్యం వల్ల సుమారు 3,700 అకాల మరణాలు, 2,80,000 ఉబ్బసపు దాడులు సంభవించినట్లు అంచనా.

ఈ అంచనాల వెనుక ఒక చిక్కు ఉన్నది. గుణకాలు చాలావరకు అమెరికా, ఐరోపా దేశాల జనం మీద జరిగిన అధ్యయనాల నుంచి వచ్చాయి. అక్కడి గాలిలో రేణువులు పది, పదిహేను మైక్రోగ్రాములు. మన నగరాలలో అంతకు ఎన్నో రెట్లు. మాలిన్యం పెరిగినకొద్దీ నష్టం కూడా అదే వాలులో పెరుగుతూ పోదనీ, పై స్థాయిలో వాలు తగ్గుతుందనీ పరిశోధకులు భావిస్తున్నారు. ఇందులో దాగిన విషాదం గమనించండి. మరీ మురికిగా ఉన్నచోట కొంచెం శుభ్రం చేస్తే లెక్కలో కనిపించే లాభం చిన్నది. బాగా శుభ్రపడ్డాక గాని పెద్ద లాభం కనబడదు. మధ్యలో నిరుత్సాహపడి మానివేసేవారికి లెక్క తోడు నిలవదు.

ఈ కొరత తీర్చే పని మన తెలుగు నేల మీదనే మొదలయింది. హైదరాబాదు దగ్గరి 28 గ్రామాలలో జాతీయ పోషకాహార సంస్థ చాలా కాలంగా గమనిస్తున్న కుటుంబాలను తీసుకుని, ‘చాయ్’ అనే పేరుతో దేశ విదేశ శాస్త్రవేత్తలు ఒక అధ్యయనం చేశారు. ఆ పల్లెలలో సూక్ష్మ రేణువుల సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములు. ఏడాది సగటు 5 మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. భారతదేశపు ప్రమాణం 40. అంటే ప్రభుత్వ ప్రమాణానికి లోబడిన గాలే అది. అయినప్పటికీ ఎక్కువ మాలిన్యానికి గురైనవారిలో మెడ రక్తనాళపు గోడ మందంగా ఉన్నట్లు 2019లో ప్రకటించారు. మేసా ఎయిర్ అధ్యయనం అమెరికా నగరాలలో చూసిన జాడ వంటిదే తెలంగాణ పల్లెలలోనూ కనిపించింది. 2024లో హైదరాబాదుతో సహా పది భారతీయ నగరాల మరణాలను పరిశీలించిన మరొక అధ్యయనం, రేణువులు స్వల్పకాలంలో 10 మైక్రోగ్రాములు పెరిగితే మరణాలు సుమారు 1.4 శాతం పెరుగుతున్నాయని తేల్చింది. ఇవి అరువు తెచ్చుకున్న గుణకాలు కావు; మనవారి ఊపిరి నుంచి వచ్చినవి.

తక్కిన మూడు వివరాలూ ఇంకా కుంటుతూనే ఉన్నాయి. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడింది గనుక జనాభా లెక్కకు చాలా ఏళ్లు 2011 నాటి అంకెలే దిక్కయినాయి. భారతదేశంలో 2020లో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి సుమారు 22 శాతమే. పల్లెలో పెద్దాయన పోతే ‘వయసు మీద పడింది’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు. అది గుండెపోటా, ఊపిరితిత్తుల జబ్బా అన్నది చితితోనే పోతుంది. గాలిని కొలిచే యంత్రాలు పెద్ద నగరాలలో ఉన్నాయి. చాలా మండల కేంద్రాలలో లేనే లేవు. 2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమంలో విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు వంటి మన పట్టణాలు చేరాయి. పెట్టిన ఖర్చు ఎంతో బడ్జెట్టులో కనిపిస్తుంది. దక్కిన ఆయుష్షు ఎంతో చెప్పాలంటే మాత్రం ఈ మూడు వివరాలు కావాలి.

మన వంతు

ఈ లెక్కలకు రాజకీయాల తాకిడి కూడా తప్పదు. 2024లో పర్యావరణ పరిరక్షణ సంస్థ సూక్ష్మ రేణువుల వార్షిక ప్రమాణాన్ని 12 నుంచి 9 మైక్రోగ్రాములకు తగ్గించింది. దానివల్ల 2032 నాటికి ఏటా 4,500 వరకు అకాల మరణాలు తప్పవచ్చునని అప్పుడు అంచనా వేసింది. 2025లో అదే సంస్థ ఆ నిర్ణయాన్ని పునఃపరిశీలిస్తామన్నది. ప్రభుత్వాలు మారితే పద్దు రాసే చేయి మారుతుంది. లోపలి రాత బహిరంగంగా ఉన్న ప్రోగ్రాము విలువ అటువంటప్పుడే తెలుస్తుంది. ఏ అంకె ఎక్కడ మారిందో చదువుకున్న పౌరుడు ఎవరైనా తానే సరిచూసుకోవచ్చు.

మన సంఘాలలో గణాంక శాస్త్రం తెలిసినవారికీ ప్రోగ్రాములు రాయగలవారికీ కొదవ లేదు. వైద్యులకు అసలే లేదు. స్వగ్రామంలో బడి గది కట్టించడానికి, మంచినీటి ట్యాంకు పెట్టించడానికి విరాళాలు ఇచ్చే సంప్రదాయం మనకు ఉన్నది. ఆ జాబితాలో గాలిని కొలిచే ఒక యంత్రాన్ని చేర్చవచ్చు. మరణ కారణాన్ని సరిగా రాసే శిక్షణకు చేయూతనివ్వవచ్చు. హైస్కూలు చదివే మన పిల్లలు సైన్సు ప్రదర్శనల కోసం అంశాలు వెతుక్కుంటూ ఉంటారు. బాతెల్ లెక్కను పైన మనం వేసినట్లు వేసి, తరువాత అదే లెక్కను తాతగారి ఊరికి వేయమనండి. ఏ వివరం ఎక్కడ దొరకలేదో వారు రాసుకున్న జాబితాయే అసలైన పరిశోధన ఫలితం అవుతుంది.

ఇక ఇంటి సంగతి. వచ్చే వేసవిలో పెద్దలు ఇక్కడ ఉండగా ఆకాశం బూడిద రంగుకు తిరిగితే జనగణన వారిని లెక్కించలేదని ఊరుకోనక్కరలేదు. ఇంటి వడపోతను మెర్వ్ 13 రకానికి మార్చండి. పెద్దలు పడుకునే గదిలో హెపా యంత్రం ఒకటి ఉంచండి. గాలి సూచీ ఎరుపుకు చేరిన రోజున సాయంత్రపు నడక మాన్పించండి. తప్పనిసరిగా బయటికి వెళ్లవలసి వస్తే ఎన్ 95 ముసుగు తొడగండి. వారి మందుల చీటీ, ఇక్కడి వైద్యుని ఫోను నంబరు ముందే సిద్ధంగా పెట్టుకోండి. వారికి ఏమీ కాకపోతే ఆ సంగతి ఏ పద్దులోనూ నమోదు కాదు. పండుగకు వారు క్షేమంగా ఇల్లు చేరితే మనకు అంతే చాలు.